తోమాకు తెరిచిన రాయి

"తోమాకు తెరిచినారు గదమ్మా. నాకు యాల తెరవకూడదు?"

"తోమాకు తెరిచిన కాడ పూలుండినాయి. ఈడ పూలుండవు."

"ఏముంటే అదే సూస్తాను. నా బిడ్డను నేను సూసుకుంటానంటే నీకేమి అడ్డం?"

"నేనే అడ్డం. నేను బతికుండంగా ఆ మన్నుమీద పార పడదు."

"నీకు మన్నైనా సరే, దాసిపెట్టుకోవాల. ఏదీ బయటికి తియ్యవు గద నువ్వు."

ఇవి నేనూ నా కూతురూ అనుకున్న మాటలు. సాయంత్రం పాలు పితికే వేళ. నేను ఆవు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాను. చెంబు మోకాళ్ళ మధ్య ఉంది. నా కూతురు గడపలో నిలబడి ఉంది. వాకిట్లో ఇంకొక మనిషి కూడా ఉన్నాడు, మా సమాధుల తోటలో గుంతలు తవ్వే ఆయన. తువ్వాలు భుజం మీదినుంచి తీసి చేతికి చుట్టుకుంటాడు, మళ్ళీ విప్పుతాడు. పోవాలో ఉండాలో తెలియక నేల చూస్తున్నాడు.

ఆయన వచ్చి చెప్పకపోతే నాకు సంగతి తెలిసేదే కాదు. రేపు తెల్లారుతూనే సమాధి తవ్వి, పెట్టె మూత ఒక్కసారి తియ్యమని నా కూతురు పోయి ఆయనను అడిగిందట. నన్ను కాదని ఆ పని చెయ్యడానికి ఆయనకు మనసు రాలేదు.

"అవ్వా, నువ్వు సరేనంటే తవ్వుతాను. నువ్వు వొద్దంటే పాప నా కాళ్ళు పట్టుకున్నా తవ్వను. అంతే" అన్నాడు.

తెల్లారితే నా కూతురు బెంగుళూరుకు పోయి విమానం ఎక్కాలి. కువైట్‌లో అది వంట చేసే ఇంటివాళ్ళు ఇచ్చింది వారం సెలవు. ఆ వారం ఈ రోజుతో సరి. కాబట్టి తెరిస్తే రేపు పొద్దున తెరవాలి, లేకపోతే ఎప్పటికీ లేదు. తెరవాలా వద్దా అన్నది నా నోట్లో ఉంది.

ఆ సమాధిలో ఉన్నది నా మనవరాలు. నా కూతురికి అదొక్కతే బిడ్డ. కుప్పంలో నర్సింగు చదువుతూ ఉండింది. అక్కడ హాస్టల్లో జ్వరం పట్టింది. బస్సెక్కి పుంగనూరుకు, నా దగ్గరికి వచ్చేసింది. రెండు పూటలు చూసి మదనపల్లె పెద్దాసుపత్రికి తీసుకుపోయినాను. డెంగీ అన్నారు. వాళ్ళు చెయ్యవలసింది చేసినారు, ఎవరినీ ఒక మాట అనడానికి లేదు. బిడ్డ దక్కలేదు. తల్లి వచ్చేసరికి మన్ను కప్పి, పైన పెట్టిన చామంతులు ఎండిపోయి ఉన్నాయి.

ఇక ఈ తోమా ఎవరో, ఏమి తెరిచినారో చెప్పాలి. మా మతంవాళ్ళు కానివాళ్ళకు తెలియకపోవచ్చు. మా మతంవాళ్ళలో కూడా అందరికీ తెలియదు.

మా నాయన ఉపదేశి. అంటే ఫాదరు లేని ఊళ్ళలో ప్రార్థన చెప్పించి, పిల్లలకు జపాలు నేర్పేవాడు. పుంగనూరు చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగినాడు. నన్ను మూడో తరగతితో మాన్పించింది కూడా ఆయనే, ఇంట్లో పని ఉందని. కానీ కథలు చెప్పడం మాత్రం మాన్పించలేదు. శిష్యులు పన్నెండుమంది ఉన్నా మా నాయన నోట ఎక్కువగా వచ్చేది తోమానే. మన దేశానికి వచ్చిన మనిషి, మన మన్నులో కలిసిన మనిషి అని ఆయనకు అభిమానం.

యేసుసామి చనిపోయి లేచి శిష్యులకు కనబడిన రోజు తోమా ఆ ఇంట్లో లేడు. మేము చూసినామని తక్కిన వాళ్ళు ఎంత చెప్పినా నమ్మలేదు. మేకులు దిగిన మచ్చలో నా వేలు పెట్టాలి, ఈటె దిగిన పక్కలో నా చెయ్యి పెట్టాలి, అప్పుడు నమ్ముతానన్నాడు. అందుకని లోకమంతా ఆయనకు అనుమానపు మనిషని పేరు పెట్టింది. మా నాయన ఆ మాట ఒప్పుకునేవాడు కాదు.

"ఆ పొద్దు తోమా యాడికి పోయినాడో ఎవురన్నా అడిగినారా? అందరూ తలుపులు బిగించుకోని లోపల దాంకోనుండారు. అంగడికి పోయింటాడు. అంతమందికి తిండి ఎవురో ఒకరు తేవాల గదా. తిండికి పోయినోనికి కనపళ్ళేదు, ఇంట్లో కూసున్నోళ్ళకు కనపడినాడు" అనేవాడు.

ఇది గ్రంథంలో లేదు. మా నాయన చెప్పుకున్నది. కానీ నేను నా కూతురికి ఇట్లే చెప్పినాను, అది తన కూతురికి ఇట్లే చెప్పింది.

తోమా ఇండియాకు రానన్నాడంట మొదట. నాకు ఆ భాష రాదు, ఆ ఎండ నాకు పడదు అన్నాడంట. అప్పుడు సామే ఒక వర్తకునికి ఆయనను అమ్మేసినాడు. వర్తకుడు ఓడ ఎక్కించి తెచ్చినాడు. నా కూతురు మొదటిసారి కువైట్‌కు పోయేటప్పుడు ఏజెంటు పాస్‌పోర్టు తీసి తన సంచిలో వేసుకున్నాడు. అది చూసి నేను ఏడుస్తుంటే, "తోమాను గూడా అమ్మేసినారు గదమ్మా. ఆయన ఆ పక్కనించి ఈ పక్కకు వచ్చినాడు, నేను ఈ పక్కనించి ఆ పక్కకు పోతాండాను. సముద్రం అదే" అని నవ్వించింది. అప్పటికి మా అల్లుడు బోరు బండి పనికి పోయి చనిపోయినాడు. చేతిలో చిన్నబిడ్డ. ఇక్కడ టమాటా మండీలో కాయలు ఏరే గ్రేడింగు పని చేస్తే ఆ బిడ్డకు చదువు రాదు. నేను అదే పని ఏళ్ళ తరబడి చేసినదాన్ని, నాకు తెలుసు.

ఇంకొకటి. ఒక రాజు తోమాకు దుడ్డిచ్చి మేడ కట్టమన్నాడు. తోమా ఆ దుడ్డంతా బీదలకు పంచేసి, నీ మేడ పరలోకంలో కట్టినాను రాజా అన్నాడు. చిన్నప్పుడు ఈ కథలో నేను రాజు పక్షం. ఇల్లు కట్టమని ఇచ్చిన దుడ్డు పంచడానికి ఈయనెవరు అని మా నాయనతో వాదించినాను. మా నాయన నవ్వి, "నువ్వు యా రాజ్యంలో పుట్టాల్సిన దానివో, రాణి నువ్వైతే తోమా తల ఆ పొద్దే పొయ్యుండేది" అన్నాడు.

నా పొదుపు సంగతి ఊరంతా తెలుసు. బియ్యం కడిగిన నీళ్ళు ఆవుకు, కూరగాయలు కడిగిన నీళ్ళు చెట్టుకు. ఆత్మల పండుగకు సమాధుల మీద అందరూ కొవ్వొత్తులు వెలిగించి ఇంటికి పోతారు. నేను మరునాడు పోయి కారిపోయిన మైనం గీకి తెచ్చుకుంటాను. దాన్ని కరగబెట్టి, పాత చీర అంచు వత్తిగా పేని, బొప్పాయి కాడ గొట్టంలో పోసి మళ్ళీ కొవ్వొత్తులు చేస్తాను. సచ్చినోళ్ళు అందరూ ఒకటే గదా, ఎవరి మైనమైతే ఏమి.

నా మనవరాలి ఎడమ అరచేతిలో మచ్చ ఉండేది. ఈస్టరు వేకువన మేము చీకట్లోనే సమాధుల దగ్గరికి పోయి దీపం పెడతాము. దానికి నాలుగైదేళ్ళున్నప్పుడు, తాత, అంటే మా ఆయన సమాధి దగ్గర నా కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది. గాలికి మంట వాలి వేడి మైనం అరచేతిలో పడింది. కొవ్వొత్తి మాత్రం పడెయ్యలేదు. దీపం ఆరిపోతే అవ్వ తిడుతుందని. చింతగింజ అంత మచ్చ మిగిలిపోయింది, నున్నగా, కొంచెం తెల్లగా.

ఆ బిడ్డకు నోటి దురుసు. తల్లి పంపే దుడ్డు ఫీజులకే సరిపోయి, మా ఇంటి పని పిల్లర్లు లేపి ఇనుప కమ్ములు పైకి నిలబెట్టిన కాడనే ఆగింది. ఆ కమ్ములకు బట్టలు ఆరేస్తూ, "అవ్వా, మాయమ్మ మన ఇల్లు పరలోకంలో కడ్తాండాదేమో, ఒకసారి ఫోన్ చేసి అడుగు" అనేది.

ఇప్పుడు రాయి సంగతి. దేవమాత మరియమ్మ కన్ను మూసినప్పుడు శిష్యులు ఎక్కడెక్కడ ఉన్నవాళ్ళు అందరూ చేరుకున్నారు. తోమా ఒక్కడూ చేరలేదు. మన దేశంనుంచి పోవాలి కదా, దారి దూరం. ఆయన పోయేసరికి తల్లిని గుహలో పెట్టి రాయి మూసేసినారు. నేను చూడలేదే, ఒక్కసారి చూపించండని తోమా ఏడ్చినాడు. ఆయన గుణం వాళ్ళకు తెలుసు. రాయి దొర్లించినారు. లోపల తల్లి లేదు. పడుకోబెట్టిన చోట పూలు ఉన్నాయి. గుహంతా వాసన.

ఇది కూడా పెద్దలు చెప్పుకుంటూ వచ్చిందే. అయినా మా ఇంట్లో దానిమీద ఒక ఆచారం ఏర్పడింది. తోమా పండుగ జూలైలో వస్తుంది. ఆ రోజు మా ఇంట్లో అన్నానికి అందరికంటే ఆలస్యంగా ఎవరు వస్తే వాళ్ళకు ముందు వడ్డిస్తాము. వాళ్ళు తిన్నాకే తక్కినవాళ్ళు. మా నాయన పెట్టినది. పిల్లలు గోడ వెనక దాక్కుని నువ్వు ముందు పో నువ్వు ముందు పో అని తోసుకునేవాళ్ళు, ఆలస్యంగా రావాలని.

బిడ్డ పోయిన సాయంత్రం మదనపల్లెనుంచే నా కూతురికి ఫోను చేయించినాను. "నేను వస్తాండానమ్మా, పెట్టొద్దు, ఉంచు" అంది. ఉంచుతానన్నాను. పుంగనూరుకు తెచ్చి ఐసుపెట్టెలో ఉంచినాము. మర్నాడు పొద్దున, రేపు బయల్దేరతానంది. మధ్యాహ్నం, ఎల్లుండి అంది. పాస్‌పోర్టు ఆ ఇంటాయన దగ్గర ఉందంట, ఆయన ఊళ్ళో లేడంట. సాయంత్రానికి ఎప్పుడో తెలియదంది. ఐసుపెట్టె ఇంకా ఉంచుకోవచ్చన్నారు ఇచ్చినవాళ్ళు. ఫాదరు కూడా నీ ఇష్టమమ్మా అన్నాడు.

నేను ఐసుపెట్టె అద్దంలోనుంచి మొగం చూసినాను. పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఉంది. ఆ జబ్బు అట్లాంటిది. ఇంకొక రోజుంటే ఇంకా మారుతుంది. తల్లి మనసులో మంచి మొగం ఉంది, పోయిన సెలవులో చూసిన మొగం. దాని మీద ఈ మొగం పెట్టదలచుకోలేదు. పెట్టె మూయమన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

మూసే ముందు ఫోనులో చూపించినారు. సిగ్నలు పోతూ వస్తూ ఉండింది. నా కూతురు చూసి చూసి, ఇది నా బిడ్డ కాదంది. మొగం ఉబ్బి ఉంది. పైగా ముక్కుపుడక లేదు. కడిగేటప్పుడు నేనే తీసినాను. మట్టికి బంగారం ఇవ్వరు మాలో, ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. ముక్కుపుడక తల్లి తెచ్చినది. బిడ్డ దాన్ని ఒక పూట కూడా తియ్యలేదు. పుడక పెట్టినాక అది లేని మొగాన్ని నా కూతురు ఎప్పుడూ చూసి ఉండలేదు. "అది నా బిడ్డ గాదు, ఆసుపత్రిలో మార్చినారు, ఎవురి బిడ్డనో తెచ్చినారు" అని అరుస్తుండగానే ఫోను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. మేము పూడ్చినాము.

ఆ ఇంటాయన పాస్‌పోర్టు ఇచ్చినాక నా కూతురు వచ్చింది. టాక్సీ ఇంటికి కాక నేరుగా సమాధుల తోటకు పోయింది. నేను పోయేసరికి మన్నుదిబ్బ పక్కన చక్రాల పెట్టెమీద కూర్చుని ఉంది. ఆ పెట్టెలో బిడ్డకు తెచ్చిన తెల్ల బూట్లు ఉన్నాయి, నర్సులు వేసుకునేవి. ఇంటికి తెచ్చి, చుట్టాలందరూ ఉండగా దానికే ముందు అన్నం వడ్డించినాను. అది జూలై కాదు. అయినా నాకు అదే తోచింది. అది పళ్ళెం పక్కకు జరిపింది.

"ఆలస్యంగా వచ్చినోళ్ళకు ముందు పెట్టాలంటావు గదమ్మా. నాకేమి పెట్టినావు? ఇంత మన్ను పెట్టినావు."

పళ్ళెం మీద మూత పెట్టి పక్కన ఉంచినాను.

వారమంతా ఒకటే మాట. మదనపల్లెకు పోయి ఆసుపత్రిలో అడిగి వచ్చింది. వాళ్ళు కాగితాలు చూపించి ఓపికగా చెప్పినారు. కుప్పం పోయి హాస్టల్లో అడిగింది, బిడ్డ ఇంకా అక్కడే ఉందేమో అన్నట్టు. బిడ్డతో చదివేవాళ్ళు పట్టుకుని ఏడ్చినారంట. దాని దుప్పటి, బకెట్టు ఇచ్చి పంపినారు. ఫాదరు దగ్గరికి పోయింది. సమాధి తెరవాలంటే సర్కారు అనుమతి కావాలమ్మా, అది నా చేతిలో లేదన్నాడాయన. చూడకుండా నమ్మినవాళ్ళు ధన్యులని సామి తోమాతోనే చెప్పినాడు కదా అని కూడా అన్నాడు, మంచి మనసుతోనే.

"ఫాదర్, ఆ మాట సూసినోళ్ళు సెప్పేది" అని లేచి వచ్చేసింది.

అట్లా చివరికి గుంతలు తవ్వే ఆయన దగ్గరికి పోయింది. అట్లా ఈ సాయంత్రం వచ్చింది.

పాలు పితకడం ఆపేసినాను. ఆవు తిరిగి చూసింది. గుంతలాయనను కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు.

నా కూతురు గొంతు తగ్గించింది. అది అరిచేటప్పటికంటే గొంతు తగ్గించినప్పుడే నాకు భయం.

"తోమా మన్ను పెట్టినావా బిడ్డకు?" అనడిగింది.

దాని గురించి కూడా చెప్పాలి. మా నాయన పెళ్ళికి ముందు కొంతమందితో కుప్పంలో రైలెక్కి మద్రాసుకు పోయినాడు. అక్కడ మైలాపూరులో తోమా సమాధి ఉంది. ఆ సమాధి మన్ను జ్వరానికి మంచిదని వెనకటినుంచీ నమ్మకం. గుడ్డలో మూటకట్టి తెచ్చుకున్నాడు. తన ముక్కుపొడి డబ్బీ కడిగి, ఎండబెట్టి అందులో పోసినాడు. ఇంట్లో ఎవరికి జ్వరం ముదిరినా చిటికెడు నుదుట పెట్టేవాడు. అయిపోతుందని వేరే మన్ను కలపకూడదు. అది ఆయన పెట్టిన కట్టు. నాకు పెట్టినాడు, నా కూతురికి నేను పెట్టినాను. చిటికెలో సగం చిటికె పెడుతూ ఇన్నాళ్ళు కాపాడుకుంటూ వచ్చినాను. డాక్టరు దగ్గరికి పోవడం ఎన్నడూ మానలేదు. ముందు డాక్టరు, తర్వాత డబ్బీ.

"పెట్టినాను" అన్నాను.

"నీ కొలతకు పెట్టింటావు. నాలుగు రేణువులు."

"ఉండిందంతా పెట్టినాను. డబ్బీ బోర్లించి తట్టినాను. నర్సమ్మ, ఏంది అవ్వా దిండంతా మన్ను చేస్తాండావని అడిగింది."

నా కూతురు నన్ను చూసింది. ఏదైనా అంతా వాడేసినానని నా నోట అది ఎప్పుడూ వినలేదు.

"అంతా పెట్టినా నిలబళ్ళేదా?"

"నిలబళ్ళేదు."

"అయితే అది ఉత్త మన్నే గదమ్మా."

"మన్నే."

గుంతలాయన మొగం పక్కకు తిప్పుకున్నాడు. మా నాయన బతికి ఉంటే ఆ మాట అని ఉండేదాన్ని కాదు. కానీ ఆ సాయంత్రం అబద్ధం చెప్పడానికి నాకు ఓపిక లేదు.

నా కూతురు గడపలో కూలబడింది. "నువ్వు సూసినావు. నీళ్ళు పోసినావు. గుడ్డ కట్టినావు. పదిమందీ సూసినారు. నేను సూడలేదు. తిండికి పోయినదాన్ని నేను. నాకు ఒక్కటి సెప్పు, ఎడమ చెయ్యి సూసినావా? అరచెయ్యి?"

"సూసినాను."

"మచ్చ ఉండిందా?"

"ఉండింది."

"ఎవురైనా అంటారమ్మా ఉండిందని. నన్ను పంపించెయ్యడానికి అంటారు. నీకు కండ్లు గూడా సరిగా కనపడవు."

నిజమే, నాకు శుక్లాలు ఉన్నాయి. ఆపరేషన్ వాయిదా వేస్తూ వస్తున్నాను. ఇక చెప్పకూడదనుకున్న మాట చెప్పవలసి వచ్చింది. గుంతలాయన ముందర చెప్పవలసి వచ్చింది.

"కండ్లతో గాదు. నీళ్ళు పోసేటప్పుడు ఆ చెయ్యి తెరిచి పెట్టుకోని, మచ్చమీద ముద్దు పెట్టుకున్నాను. పెదిమలకు తగిలింది. నున్నగా ఉండింది. నువ్వు ఎట్ల తెలుసుకోవాలనుకుంటాండావో, నేను అట్లే తెలుసుకున్నాను పాపా. అది మన బిడ్డే."

నేను ముద్దులు పెట్టే మనిషిని కాదు. నా కూతురిని చిన్నప్పుడు కూడా ముద్దాడినట్టు నాకు గుర్తులేదు, దానికీ గుర్తుండదు. మా అమ్మ నన్ను ముద్దాడలేదు. మాలో పిల్లలకు కడుపు నింపుతాము, తల దువ్వుతాము, అంతవరకే. అందుకని ఆ మాట నేను ఉత్తగా అనలేనని దానికి తెలుసు. అది నా మొగం చూడలేదు. నా నోటినే చూసింది, చాలాసేపు.

తర్వాత ఏడ్చింది. వచ్చినప్పటినుంచీ ఏడుస్తూనే ఉంది కానీ ఇది వేరు. ఆ ఏడుపులన్నీ కోపంతో వచ్చినవి. నా మనవరాలు చనిపోయిందని నా కూతురికి తెలిసింది ఆ సాయంత్రమే. నేను చేతులు కడుక్కుని దాని పక్కన కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వేసినాను. పాలవాసన వస్తుందేమో అని కూడా అనుకున్నాను, ఎందుకో.

గుంతలాయన, "నేను పొయ్యొస్తానవ్వా" అన్నాడు. తవ్వాలా వద్దా అని అడగలేదు.

లోపలికి పోయి, నా చీరలపెట్టెలో ముడివేసి పెట్టిన ముక్కుపుడక తెచ్చి దాని చేతిలో పెట్టినాను. నువ్వు పెట్టుకో, లేదా కరిగించుకో, నీ ఇష్టమని చెప్పినాను. అది పిడికిలి మూసుకుంది. ఆ రోజు మూత పెట్టి ఉంచిన అన్నం కాదు కానీ, మళ్ళీ వేడిగా వండి దానికి ముందు వడ్డించినాను. కొంచెం తినింది. ఆ తర్వాత నేను తిన్నాను.

మరునాడు తెల్లవారుతూనే ఇద్దరమూ సమాధుల తోటకు పోయినాము. గుంతలాయన గేటు తీసి ఉంచినాడు. చేతిలో పార లేదు. మంచు పడి మన్ను పైన తడిగా ఉంది. నేను ఎండిన చామంతులు ఏరి పక్కన పోసినాను.

నా కూతురు దిబ్బ పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. చీర చెంగు నడుముకు దోపుకుని, తల ఉండే వైపు మన్నులోకి చెయ్యి పెట్టింది. మన్ను ఇంకా గుల్లగానే ఉంది. మెల్లగా తోసింది. మణికట్టు దిగింది, మోచెయ్యి దిగింది. చెంప మన్నుకు ఆనింది. అట్లనే ఉండిపోయింది. పిడికిలిలో ముక్కుపుడక ఉందని నాకు తెలుసు. మట్టికి బంగారం ఇవ్వకూడదు. నేను ఏమీ అనలేదు.

చెయ్యి బయటికి తీసినప్పుడు పిడికిలి తెరిచి ఉంది. మోచేతివరకు ఎర్రమన్ను.

నా దగ్గర మా నాయన డబ్బీ ఉంది. ఖాళీ అయినా పారెయ్యలేదు, మైనమో సూదులో పెట్టుకోవచ్చని. అది తీసి మూత తెరిచి పట్టినాను. అది తన చేతికి అంటిన మన్ను డబ్బీలోకి రాల్చింది. తర్వాత దిబ్బమీదినుంచి ఇంకొంత తీసి నిండుగా పోసింది. నేను మూత బిగించి, పైన దారం చుట్టి ఇచ్చినాను. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

బస్టాండులో బెంగుళూరు బస్సు సిద్ధంగా ఉంది. చెయ్యి కడుక్కోమని నీళ్ళ సీసా ఇస్తే, వద్దంది. కిటికీ దగ్గర కూర్చుంది. తెల్ల బూట్లు ఎవరికైనా ఇచ్చెయ్యమంది. సరేనన్నాను. ఫోను చేస్తానంది. సరేనన్నాను. బస్సు పోయింది.

నేను నడిచి ఇంటికి వచ్చినాను. ఆవు అరుస్తూ ఉంది. పాలు పితికినాను.